ఆ బొటనవేళ్లు మా నాన్నవే

నవ్వించేవాడు ఏడిస్తే జనం ఇంకా పెద్దగా నవ్వుతారని ఆ రోజుల్లో నాకు తెలియదు. నాలుగు సినిమాల్లో తన్నులు తిని, ఒకదాంట్లో పందుల గుంటలో పడి, నరసరావుపేటలో ‘బురదబ్బాయి’గా పేరు తెచ్చుకున్న వయసు. మోటార్లకి వైండింగ్ చేసే కొట్టు నడుపుకునే మా నాన్న చెవిన ఆ పేరు పడితే చాలు, చేతిలో రాగితీగ తెగిపోయేది. "పేటలో తలెత్తుకోకుండా చేశావు గదరా! బురదలో పడటానికి డిగ్రీ ఎందుకురా?" అనేవాడు. (పడటానికి కూడా రెండు రోజులు రిహార్సల్ చేశానని చెప్పే ధైర్యం నాకు లేదు.) అలాంటి నాకు ఒక డైరెక్టరు గారు తండ్రిని పోగొట్టుకున్న మిరపరైతు వేషం ఇచ్చారు. మచ్చుకి ఒక్క నవ్వయినా లేని వేషం! పొంగిపోయి ఇంట్లో చెబితే నాన్న ఒకటే మాట అన్నాడు. "నలుగుర్ని ఏడిపించు, నీ దారిన నువ్వు పో. నవ్వారంటే మాత్రం తెల్లారేసరికి కొట్లో కూర్చోవాల." ఆ తీర్పేదో అక్కడే చెబుదామని షూటింగుకి తనూ బయల్దేరాడు.

షూటింగ్ బొల్లాపల్లి దగ్గర ఒక పల్లెలో. చావు సీను కదా అని మా వీధి పెద్దమ్మని కూడా వెంటబెట్టుకెళ్లాను. మా వైపు చావింట్లో ఆడవాళ్లు పోయినవాళ్ల గుణగణాలన్నీ రాగం తీసి చెబుతూ శోకాలు పెడతారు. అందులో పెద్దమ్మకి సాటి లేదు. తీరా వెళ్లేసరికి అన్నీ ఉన్నాయి, శవం లేదు. ఆ వేషానికి కారంపూడి నుంచి వచ్చినాయన పాడెని చూడగానే, "బతికుండగా దీని మీద పడుకుంటే ఆయుష్షు తరిగిద్దయ్యా" అని వచ్చిన బస్సుకే వెళ్లిపోయాడట. ఊళ్లోవాళ్లు ఒక్కరూ ఒప్పుకోలేదు. డైరెక్టరు గారు తల పట్టుకుంటే మా నాన్న చొక్కా విప్పి, "ఏందయ్యా, పడుకోటానికేగా! ఎట్టాగూ ఈడి దెబ్బకి ఎప్పుడో సగం సచ్చా" అంటూ పాడె ఎక్కాడు.

ముక్కులో దూది పెట్టారు, కాళ్ల బొటనవేళ్లు కలిపి కట్టారు. నేను "నాన్నా!" అంటూ పరుగెత్తుకొచ్చి మీద పడ్డాను. చుట్టూ మూగిన జనం గొల్లున నవ్వారు. "ఒరేయ్, బురదబ్బాయిరా! చూడు, ఇప్పుడు జారతాడు!" రెండోసారీ అంతే. మూడోసారి శవం పొట్ట కూడా ఊగింది. డైరెక్టరు గారు నన్ను పక్కకి పిలిచి, "బాబూ, ఇదే ఆఖరు టేకు. కుదరకపోతే రేపు ఇంకొకర్ని పెట్టుకుంటాను" అన్నారు. కొట్లో నా కోసం ఎదురుచూస్తున్న స్టూలు కళ్లముందు కనబడింది.

అప్పటిదాకా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతున్న పెద్దమ్మకి నామీద జాలేసిందో, తన విద్య మీద పౌరుషమొచ్చిందో, ఈసారి అసలు శోకమే అందుకుంది.

"ఓ నా తమ్ముడో... కాలిపోయిన మోటార్లకి పానం పోసినోడివే, నీ పానం నిలుపుకోలేకపోయావా తమ్ముడో... కొడుకుని పైకి తిట్టుకుంటా, చాటుగా ఆడి బురద సినిమాకి మూడుసార్లు పొయ్యొచ్చినోడివే... ‘నా కొడుకు పడ్డట్టు ఎవరు పడతారక్కా’ అని నాకొక్కదానికే చెప్పుకున్నావే... ఇంక ఆణ్ణి ఎవరు చూస్తారయ్యా తమ్ముడో!"

నేను డైలాగు మర్చిపోయాను. దూది పెట్టిన ఆ ముఖం చూస్తుంటే నిజంగానే ఏడుపు తన్నుకొచ్చింది. నాన్న గుండె మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చాను. జనంలో నవ్వు ఆగిపోయింది. ఎవరో ముక్కు చీదారు. అంతలో శవం లేచి కూర్చుంది.

"అక్కా, ఆ సంగతి ఆడికి చెప్పొద్దన్నా గదా!"

మళ్లీ పల్లెంతా నవ్వే. అయితే అప్పటికే నా ఏడుపు కెమెరాలో పడిపోయింది. సినిమాలో నాన్న ముఖం తీసేసి, నా ముఖమూ ఆయన బొటనవేళ్లూ మాత్రం ఉంచారు. పేట థియేటర్లో ఆ సీనుకి హాలంతా నిశ్శబ్దమైపోయింది. నా పక్క సీట్లో ఉన్న నాన్న తన పక్కాయన్ని మోచేత్తో పొడిచి, "ఆ బొటనవేళ్లు నాయే" అన్నాడు. (అమ్మని ఆ రోజు సినిమాకి రాకుండా చూసుకున్నాం.) కొట్టు సంగతి మాత్రం మళ్లీ ఎత్తలేదు.

ఆ తర్వాత నాకు ఏడుపు వేషాలేవీ రాలేదు, హాయిగా బురదలోకే తిరిగొచ్చాను. ఇన్నేళ్లకి మొన్న మళ్లీ ఒకటి వచ్చింది, అదీ తండ్రి పోయిన కొడుకు వేషమే. ఇప్పుడు నా తలే నెరిసింది. నాన్న గోడ పట్టుకుని నడుస్తున్నాడు. నాకు మళ్లీ ఏడుపు వేషం వచ్చిందని చెవిన పడగానే, "శవం కావాలా ఏందిరా? నేను ఖాళీగానే ఉన్నా" అన్నాడు హుషారుగా. ఆనాటి బురదబ్బాయి అయితే ఎగిరి గంతేసేవాడు. నేను మాత్రం, "ఇది తండ్రి బతికుండే కథ నాన్నా" అని అబద్ధమాడాను.