కాలేజీ కింది చెక్క ఇల్లు

పోర్ట్ బ్లెయిర్‌లో మా కాలేజీ గోడకి దిగువన ఒక పాత సందు ఉంది. బ్రిటిష్ వాళ్ళ కాలం నాటి చెక్క ఇళ్ళు, పైన రేకులు, కింద నడుమెత్తు దుంగలు. పడౌక్ చెక్క ఎరుపు ఎన్నేళ్ళయినా పోదని ఆ సందులో వాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. పోతుంది. మా ఇంటి ముఖం ఎండకి వెలిసి బూడిద రంగుకి తిరిగి చాలా కాలమైంది. పరీక్షల రోజుల్లో కాలేజీ పిల్లలు మా మెట్ల మీదే కూర్చుని చదువుకుంటారు. లేచిపోయేటప్పుడు చిత్తు కాగితాలు మాకు వదిలేస్తారు.

ముప్ఫై ఏళ్ళు ఆ కాలేజీ లైబ్రరీలో పనిచేశాను. పనికి దగ్గరని ఆ ఇల్లు కొనుక్కున్నామని అందరూ అనుకుంటారు. అందుక్కాదు. ఆ ఇంటి మీద నాన్న మనసు పడ్డాడు.

నాన్న శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి వచ్చిన జాలరి. డాలీగంజ్‌లో ఆయన పేరున ఒక ప్లాటు, అందులో రెండు గదుల రేకుల ఇల్లు, రేవులో ఒక ఇంజను డింగీ పడవ. అంతే మా ఆస్తి. డింగీ పక్కన ఆయన పేరు హిందీలో పెయింటరు చేత రాయించుకున్నాడు. ఉప్పునీళ్ళకి ఆ రంగు ఏడాదికోసారి పోయేది. వేటలు మొదలయ్యే ముందు కుంచె పట్టుకుని ఆ అక్షరాలు మళ్ళీ దిద్దేది అమ్మే. చదవడం రాదు, గీత దాటకుండా దిద్దడం వచ్చు.

ఆదివారాలు నాన్న ఈ సందులో చేపలు అమ్మేవాడు. ఆ చెక్క ఇంటి ముసలాయనది తాతల నాటి నుంచీ ఈ దీవిలోనే పుట్టి పెరిగిన కుటుంబం. "ఆవో భయ్యా, బైఠో" అని నాన్నని వరండాలో కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇచ్చేవాడు. చేపలవాడికి కుర్చీ వేసిన ఇల్లు అదొక్కటే. నాన్న ఇంటికొచ్చి అమ్మతో అనేవాడు, "ఉంటే అలాటింట్ల ఉండాలే. గాలి ఇటునించి అటెల్లిపోద్ది."

నేను లైబ్రరీలో చేరిన ఏడాది, ఒక మామూలు ఉదయం నాన్న వేటకెళ్ళాడు. గాలి లేదు, వాన లేదు. తిరిగి రాలేదు. డింగీ కూడా దొరకలేదు.

మావాళ్ళలో ఇది అంతటితో తేలిపోయే సంగతి కాదు. ఇంజను చెడిన డింగీలు కొట్టుకుపోయి బర్మా వైపు తేలడం, మనుషులు అక్కడ జైల్లో ఉండి ఎప్పటికో రావడం మాకు తెలుసు. మా వీధిలో ఒకాయన అలాగే మూడేళ్ళకి వచ్చాడు. ఆలోగా పెద్దలు అతని భార్య గాజులు తీయించేశారు. అతను గుమ్మంలో నిలబడ్డాక సిగ్గుపడి మళ్ళీ తొడిగారు. అప్పట్నుంచి మావాళ్ళు తొందరపడరు. శవాన్ని చూడనిదే బొట్టు తీయించరు.

మీ ఆయన ఏరీ అని ఎవరైనా అడిగితే అమ్మ "ఏటకెల్లినారు" అనేది. ఎనిమిదేళ్ళు అదే మాట. రోజూ అన్నం వార్చగానే మొదటి గరిటె నాన్న కంచంలో వేసి మూత పెట్టేది. మర్నాడు పొద్దున్న ఆ చద్దన్నం తనే తినేది.

నాకేమీ అనిపించేది కాదు. ఒక్కసారి కూడా ఏడవలేదు. ఇందులో గొప్పా లేదు, సిగ్గూ లేదు. కాలు తిమ్మిరెక్కితే కాలుందని తెలుస్తుంది గానీ మనదనిపించదు, అలా ఉండేది. పొద్దున్నే బస్సెక్కి, సాయంత్రం దాకా పుస్తకాలకి నంబర్లు అంటించి, మళ్ళీ బస్సెక్కేదాన్ని. పెళ్ళి సంబంధాలు వస్తే, నాన్న రానీ అనేది అమ్మ. నాకూ పీడా పోయిందనిపించేది.

ఒక రోజు ఆ ముసలాయన కర్ర పట్టుకుని లైబ్రరీకి వచ్చాడు. "బేటీ, మకాన్ బేచ్ రహా హూఁ" అన్నాడు. మోకాళ్ళు మెట్లెక్కనివ్వడం లేదట, ఇల్లు అమ్మేసి డిగ్లీపూర్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోతాడట. అమ్మే రోజొస్తే ముందు తనకే చెప్పాలని నాన్న ఆయన దగ్గర మాట తీసుకున్నాడట. "జబాన్ దియా థా" అన్నాడు. ఓడ టిక్కెట్టు కూడా తీసుకున్నాడు. ఓడెక్కేలోగా ఏ సంగతో తేల్చమన్నాడు.

అమ్మకి చెప్పాను. ఇన్నేళ్ళలో దేనికీ ఊఁ అనని మనిషి చప్పున "కొనీద్దుము" అంది. "మీ అయ్య ఒచ్చేతలికి ఆ ఇంట్ల ఉందుము."

కొనాలంటే డాలీగంజ్ ప్లాటు అమ్మాలి. అది నాన్న పేరున ఉంది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమాస్తా మంచివాడే, తన కుర్చీ నాకిచ్చి తను నిలబడ్డాడు. "ఆయన్ని తీసుకురండి దీదీ. లేకపోతే లేరని మీ అమ్మగారి చేత రాయించి ఇవ్వండి. ఏడేళ్ళు దాటింది కదా, చట్టం ఒప్పుకుంటుంది" అన్నాడు. నాన్న వస్తాడని కొనే ఇంటికి నాన్న రాడని రాసివ్వాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

లైబ్రరీ బల్ల మీదే కూర్చుని హిందీలో అర్జీ రాశాను. భర్త పేరు అన్నచోట 'స్వర్గీయ' అని రాసి, పక్కన నాన్న పేరు రాశాను. దస్తూరీ బాగా కుదిరిందని కూడా అనుకున్నాను.

ఇంటికి తెచ్చాక అమ్మ "ఏటి రాసినావు, సదువు" అంది. హిందీ చదువుతూ తెలుగులో చెప్పాను. ఆ ఒక్క మాట దాటేశాను. అమ్మ కాగితం తన వైపు లాక్కుని, నాన్న పేరున్న వరస మీద వేలు పెట్టి, ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లగా జరిపింది. వేలిముద్రకి చోటు వెతుకుతోందనుకున్నాను.

"అక్కడ కాదమ్మా, కింద."

ఇంకేమీ అడక్కుండా వేసేసింది. గండం గడిచిందనుకుని కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

ముసలాయన ఓడెక్కే ముందు రోజు తాళం మా చేతికొచ్చింది. పాలు పొంగించడానికి మేనత్త వచ్చింది. ఆ వారం పాలు దొరక్క డబ్బాపాలు కలిపాం. "వొదినా, రా, ముత్తైదువ్వి నువ్వే పొంగించాల" అంది మేనత్త. అమ్మ పొయ్యి దగ్గర దాకా వచ్చి వెనక్కి జరిగింది. "నా సెయ్యి నెప్పిగుంది. నువ్వు పొంగించీ." ఆ పొద్దున్నే రెండు చేతులతో నీళ్ళ డ్రమ్ము మెట్ల మీదికి ఎక్కించిన మనిషి. నాకు చిత్రంగా కూడా అనిపించలేదు.

ఆ ఇంటి వరండాలోంచి సముద్రం కనిపిస్తుంది. అమ్మ మంచం గోడ వైపు వేసుకుంది. నాన్న కంచంలో మొదటి గరిటె వెయ్యడం కూడా ఆ ఇంట్లో మానేసింది. ఏమని అడిగితే, ఇక్కడ పిల్లులెక్కువ అంది. నమ్మాను. నమ్మడం తేలిక. బొట్టు, గాజులు మాత్రం అలాగే ఉన్నాయి కాబట్టి, ఆవిడ ఇంకా ఎదురుచూస్తోందనీ, నేను అబద్ధం ఆడి నా సుఖం చూసుకున్నాననీ అనుకుంటూ పదకొండేళ్ళు ఆ ఇంట్లో కాపురమున్నాను.

చివర్లో అమ్మ మంచం పట్టింది. రోజూ ఒళ్ళు తుడిచి, తల దువ్వి, బొట్టు నేనే పెట్టేదాన్ని. ఒక సాయంత్రం కుంకుమ తీసుకుంటే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇంక సాలమ్మా."

"అదేంటమ్మా?"

"మీ అయ్య పేరు అంత పొడుగుండదు గదా" అంది. "ఆ కాయితంల ముందర ఓ మాట ఎక్కువుంది. ఏటేటా నాను దిద్దిన పేరు, నాకు తెల్దా?"

"తెలిస్తే మరి ఈ బొట్టు ఎందుకుంచుకున్నావు?" అన్నాను.

"సదవనేక దాటీసినావు గదా. నాను తీసీసినానంటే, నీ రాత వల్లే తీసీసినానని నువ్వు కుమిలిపోతావు. నీ కోసవే ఉంచీసినాను."

కుంకుమ డబ్బా మూత పెట్టి, గాజులు ఒక్కొక్కటే తీశాను. సన్నబడిన చేతులు, సులువుగానే వచ్చాయి. వరండాలోకి వచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. చదువుకుంటున్న ఇద్దరు పిల్లలు పుస్తకాలు మూసి పక్కకి జరిగారు. పందొమ్మిదేళ్ళ తర్వాత, నాన్న పోయాడని నాకు ఆ సాయంత్రం తెలిసింది.