ఫుజి కొండ రాయి

కొండ ఎక్కి వట్టి చేతులతో దిగడం మాకు చేతకాదు. లడ్డూయో, కుంకుమ పొట్లమో ఏదో ఒకటి వెంట తెచ్చుకుంటేనే ఎక్కినట్టు. నిరుడు వేసవిలో మావారితో కలిసి జపాన్‌లో ఫుజి కొండ ఎక్కినప్పుడు నాకు ఆ లోటే తోచింది. ఆ కొండ మీద కొలువున్నది అమ్మవారేనట. కాళ్ళ కింద పరుచుకున్న మబ్బుల్లోంచి సూర్యుడు పైకి వస్తుంటే చేతులు జోడించాను. ప్రసాదం మాత్రం లేదు. దిగేదారిలో నిమ్మకాయంత ఎర్రరాయి ఒకటి తీసి జేబులో వేసుకున్నాను. జర్మనీలో మేముండే ఎర్లాంగెన్ చేరాక దాన్ని దేవుడి గూట్లో ఉంచి, బొట్టు పెట్టి, రోజూ పువ్వు పెడుతూ వచ్చాను.

ఆఫీసులో నా పక్క సీటు ఆవిడది ఆ కొండ కిందున్న ఊరే. ఈ మే నెలలో ఒక ఆదివారం ఆవిడను భోజనానికి పిలిచాను. గుమ్మంలో బూట్లు విప్పి, వాటి ముక్కులు బయటి వైపు తిప్పి పెట్టి లోపలికి వచ్చింది. పులిహోర మారు వడ్డించుకుంటూ ఊరి సంగతులు చెప్పింది. చలికాలమంతా తెల్లగా ఉండే కొండ మీద మంచు కరుగుతూ కరుగుతూ, ఈ రోజుల్లోనే ఒక పక్షి ఆకారంలో మిగులుతుందట. ఆ పిట్ట కనబడితే నాట్ల వేళ అయిందని పూర్వం రైతులు పొలంలోకి దిగేవారట. అదీ కరిగి కొండ ఎర్రబడ్డాకే యాత్రికులు వస్తారట.

“మా అమ్మమ్మ దిగి రాగానే కొండ కిందే గడ్డిచెప్పులు దులిపేసేది,” అంది. “ఇసుక కూడా కొండదే కదా. మనతో జారి వచ్చిన ఇసుక రాత్రికి తిరిగి పైకి వెళ్ళిపోతుందని పెద్దవాళ్ళు చెప్పేవారు.”

దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. మావారి చెవికి కొండ అన్న మాట ఒక్కటే ఎక్కినట్టుంది.

“మన రాయి చూపియ్యరాదూ ఆమెకు,” అన్నారు తెలుగులో.

కళ్ళతో వద్దన్నాను. నా కళ్ళభాష ఆయనకు పెళ్ళయిన కొత్తలోనే రాలేదు, ఇప్పుడేం వస్తుంది. లేచి గూటి తలుపు తీసి, మీ కొండ మా దేవుళ్ళలో కలిసిపోయిందని ఇంగ్లీషులో గర్వంగా చెప్పారు.

ఆవిడ వెళ్ళి రాయి ముందు తల వంచింది. ముట్టుకోలేదు. కాసేపు ఆ బొట్టునే చూసి నా వైపు తిరిగింది.

“తప్పు మాదే. రాళ్ళు తీయకూడదన్న బోర్డులు మా భాషలోనే ఉండి ఉంటాయి. మీకు అర్థమై ఉండదు. క్షమించండి.”

“అవును, అర్థం కాలేదు,” అన్నాను.

బోర్డు ఇంగ్లీషులో కూడా ఉంది. చదివాను. ఒక్క రాయికి కొండ తరిగిపోతుందా అనుకున్నాను.

ఆవిడను బస్సెక్కించి వచ్చి గిన్నెలు కడుగుతుంటే గుర్తొచ్చింది. ఆ బోర్డు పక్కనే నిలబడి నేను ఫొటో దిగాను. తిరిగొచ్చిన వారంలోనే దాన్ని ఆవిడకు చూపించాను. ఈ చోటు నాకు తెలుసంటూ వేళ్ళతో ఫొటో పెద్దది చేసి మరీ చూసింది. అంటే అన్నీ తెలిసే, నా పరువు కోసం అంత మాట అంది. నేనేమో ఆవిడ ముఖం చూస్తూ ఆ సాకును రెండు చేతులా అందుకున్నాను. తల తీసేసినట్టయింది.

సాయంత్రం దీపం వేళకు మావారు వచ్చి ఇంకా పెట్టలేదేమని అడిగారు.

“ఈ పూట మీరు పెట్టండి,” అన్నాను, గూటి వైపు చూడకుండా.