రెండు బంగినపల్లులు

ఇన్నేళ్లుగా గొంతులో టెంకలా అడ్డుపడి ఉన్న మాట ఇది. మింగలేను, కక్కలేను. నేనెవరో అడక్కండి. నూజివీడులో లెక్కలు చెబుతాను, అంతవరకు చాలు.

అప్పట్లో మా ట్యూషన్ సెంటర్‌లో ఇంటర్ పిల్లలకు ఫీజు లేని సీటు ఒకటే ఉండేది. దానికి పరీక్ష పెట్టేవాళ్లం. ఆ ఏడు ప్రశ్నపత్రం నేనే రాశాను, మా తోట షెడ్డులో కాయలు వేరుచేస్తుంటే పక్కన కూర్చుని. ఒకేలా ఉండే రెండు బంగినపల్లి మామిడికాయలు, వేరే రకాలవి ఒక రసం, ఒక కలెక్టర్, ఒక సువర్ణరేఖ. వీటిని వరసగా ఎన్ని రకాలుగా పేర్చవచ్చు? జవాబు నూట ఇరవై అని రాసుకున్నాను. తొడిమ చూడు, భుజం చూడు, ఏ రెండు కాయలూ ఒకటి కావు అని నాన్న చెప్పగా వింటూ పెరిగినవాణ్ణి. ‘ఒకేలా’ అని నా చేత్తోనే రాసి, మనసులో మాత్రం రెండింటినీ వేరుగానే లెక్కపెట్టాను. ఏం చదువు నాది!

దిద్దిన పేపర్లు తిరిగి ఇచ్చిన రోజు దుర్గ లేచింది. రెడ్డిగూడెం పిల్ల. వాళ్ల నాన్న మా తోటలోనే కాయలు కోసేవాడు.

“సార్, ఆ రెండు బంగినపల్లులు అటూ ఇటూ మార్చినా వరస అదే కదండీ? అరవయ్యే వస్తాయండి.”

“మామిడికాయల సంగతి నాకు చెబుతావా? లెక్కల బుర్ర లేదు నీకు. కూర్చో.”

క్లాసంతా నవ్వింది. ఆమె కూర్చుంది.

ఇంటికి వెళ్లి రెండు బంగినపల్లులు, ఒక రసం బల్ల మీద పెట్టి చూశాను. రసం ముందు, మధ్యలో, చివర. మూడే. ఆరు కాదు. పిల్ల చెప్పిందే నిజం. సీటు ఎవరిదో అప్పటికింకా ప్రకటించలేదు. నా జవాబు సరిదిద్దితే ఏమవుతుంది? నూట ఇరవై అని రాసిన మా అన్నయ్య కూతురిని ఆ ఒక్క ప్రశ్నతో దుర్గ దాటిపోతుంది. పొరపాటని నన్ను నేను సముదాయించుకునే వీలు అక్కడితో పోయింది. తెలిసే చేశాను. సీటు మా ఇంటికే వచ్చింది. దుర్గ లెక్కలు వదిలేసింది, ఆ పైన చదువే వదిలేసింది.

మొన్న హనుమాన్ జంక్షన్ బస్సులో కనబడింది. పక్కన స్కూలు యూనిఫాంలో కూతురు.

“మా పాప లెక్కల్లో వెనకండి. నా పోలికే. నాకు బుర్ర లేదని మీరప్పుడే చెప్పారు కదా సార్,” అంది నవ్వుతూ.

కోపంగా అన్నా బాగుండేది. అప్పుడైనా చెప్పాలి కదా? నా స్టాపు రాకముందే దిగిపోయాను. ఛీ, ఏం మనిషిని!

దుర్గ లెక్క సరైనదే. దొంగ లెక్క నాది. ఇది మీకు చెప్పినందువల్ల ఆమెకు ఒరిగేదేమీ లేదని తెలుసు. అయినా రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది. అందుకు కూడా సిగ్గుగానే ఉంది.