కుంభపక్షికి మీసాలు

కొల్లేట్లో నా పరువు ఎలా మునిగిందో చెబుతాను. నవ్వనని మాత్రం మాటివ్వకండి, నిలబెట్టుకోలేరు.

పంతొమ్మిది వందల ముప్ఫైల నాటి మాట. ఏలూరు బళ్ళో కొత్తగా చేరిన లెక్కల మాస్టర్ని. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మా హెడ్మాస్టరు గారికి పక్షులంటే ప్రాణం.

"కొల్లేటి పక్షులు మీకు తెలుసాండీ?" అన్నారు ఓరోజు.

నాకు తెలిసినవి కాకీ, కోడీ. "పేరుపేరునా పలకరిస్తానండీ!" అనేశాను.

ఆదివారం పొద్దున్నే ఇద్దరం కొల్లేటి పడవవాడు సోమయ్య తాటిదోనె ఎక్కాం. "ఎవరూ నోరు మెదపకూడదు, పక్షులు బెదురుతాయి" అని శాసనం చేశాను.

హెడ్మాస్టరు గారు దుర్భిణీలోంచి చూస్తూ గుసగుసగా అడిగారు. "అదేం పిట్టండీ?"

"జలభూషణమండీ."

"మరి ఇది?"

"దాని పినతల్లి కూతురండీ."

రెల్లు చాటున దోనె ఆపాం. ఎదురుగా బోలెడు బాతులు. వాటి మధ్యనుంచి బోర్లించిన కుండొకటి, గాలికి ఎదురు తేలుతూ మా పక్కకే వచ్చింది.

"ఆ కుండేమిటండీ?"

"కుంభపక్షి గూడండీ. లోపల గుడ్లుంటాయి, చూపిస్తాను."

సోమయ్య తల చూపించి, పొట్ట తట్టుకుని, చేతులు అడ్డంగా ఊపాడు. పాపం, తలనొప్పీ ఆకలీ కాబోలనుకున్నాను. ఓర్చుకోమని సైగ చేసి, వంగి కుండ ఎత్తాను.

కింద మనిషి తల! గుబురు మీసాలు!

"ఓరి దేవుడో!" అని ఆ తల అరిచింది. నేను అంతకంటే గట్టిగా అరిచి కుండతో సహా నీళ్ళలో పడ్డాను. బాతులన్నీ ఒక్కసారి లేచిపోయాయి. నిండుకుండ తొణకదంటారు గానీ, ఖాళీకుండ మనిషిని ముంచుతుందని ఎవరూ చెప్పరేం?

నడుంలోతు నీళ్ళలో నాచు తుడుచుకుంటుంటే హెడ్మాస్టరు గారు దుర్భిణీ నామీదికి తిప్పారు.

"ఏవండీ, కుంభపక్షికి మీసాలుంటాయా?"

"మా బావమరిది అంకయ్యండీ," అన్నాడు సోమయ్య. "కుండ నెత్తిన బోర్లించుకుని బాతుల మధ్యకి చేరి, నీళ్ళలోంచి వాటి కాళ్ళు పట్టేస్తాడండీ. తెల్లారినప్పట్నుంచీ నానుతున్నాడు."

"ముందే చెప్పొద్దుటయ్యా!" అన్నాను.

"మాట్లాడొద్దన్నారు కదండీ. అందుకే సైగ చేశాను. కింద తలుంది, ఇది పొట్టలోకి, ముట్టుకోవద్దు అని."

"ఎవరి పొట్టలోకి?"

"తమరి పొట్టలోకేనండీ. మజ్జానం భోజనానికి తమరికి బాతుకూర చేద్దామని!"

ఆ మధ్యాహ్నం సోమయ్య ఇంట్లో చింతకాయ పచ్చడితో వేడన్నం తిన్నాం. అమృతంలా ఉంది. హెడ్మాస్టరు గారికి ముద్దముద్దకీ నవ్వొచ్చి పొలమారింది. "ఇంతగా నవ్వి ఏళ్ళయిందండీ. మీ ఉద్యోగం ఖాయం. పక్షుల పాఠం మాత్రం చెప్పకండి" అన్నారు.

అంకయ్య ఎరువిచ్చిన పొడి పంచె కట్టుకుని, విస్తరి సాక్షిగా ప్రమాణం చేశాను. ఈ జన్మలో బోర్లించిన కుండని ముందుగా తట్టి, "లోపల ఎవరైనా ఉన్నారాండీ?" అని అడక్కుండా ఎత్తను. మా ఆవిడ కాపరానికొచ్చిన కొత్తలో వంటింట్లో ఇది విని భయపడింది. ఇప్పుడు తనే, "ఎవరూ లేరు, ఎత్తండి" అంటోంది.