దొర బండ, కొత్త ఆడబిడ్డ

తప్పులుంటే మన్నించండి. ఐదో తరగతి వరకే చదివాను, ఫోన్‌లో అక్షరాలు వెతుక్కుని రాస్తున్నాను.

మహదేవపూర్ దగ్గర మా పొలం గట్టున ఒక బండ ఉంది. దొర దేవుడని పిలుస్తాం. ఏటా నాట్లకు ముందు పసుపు కుంకుమ పూసి కొబ్బరికాయ కొడతాం. ఈ రోజు పొద్దున కారులో ఒక తెల్లామె వచ్చింది. స్కాట్లాండ్‌కు అవతల సముద్రంలో ఏదో చిన్న దీవి ఆమె ఊరట. గోదావరి ఒడ్డున జ్వరంతో చనిపోయిన ఆమె ముత్తాతను ఆ బండ కిందే పూడ్చారని డ్రైవరన్న చెప్పాడు. పసుపు తుడిస్తే పేరు కనిపిస్తుందట.

మా అత్త బండకు అడ్డంగా నిలబడింది.

"మా దేవుడు ఆమెకు తాత ఎట్లయితడు? తీస్కపోతదా ఏంది?"

"తీస్కపోదవ్వా. జర పేరు చూసి మొక్కుతదట," అన్నాడు డ్రైవరన్న.

అత్త తన కొంగుతోనే తుడిచింది. అక్షరాలు బయటపడ్డాయి. తెల్లామె వాటిని వేలితో తడుముతూ ఏడ్చింది. అత్త కాసేపు చూసి నా వైపు తిరిగింది.

"మన దేవుని మనుమరాలంటే మనింటి ఆడబిడ్డే గదనే. ఒడిబియ్యం పొయ్యకుండ ఉట్టిగ ఎట్ల పంపుతం? నీ పెట్టెల కొత్త చీర ఉన్నది గద, తే."

అది మా అమ్మ పెట్టిన చీర. ఇంటికి పోయాక తీసి ఇచ్చాను. ఒడి నింపి టీ ఇచ్చాం.

ఉన్న ముగ్గురు ఆడబిడ్డలు చాలనట్టు నాలుగో ఆమె దొరికింది. కానీ నలుగురిలో టీ తాగిన గ్లాసు తానే కడిగి బోర్లించింది ఈమె ఒక్కతే. మీ ఆడబిడ్డలు కడుగుతారా, చెప్పండి. చదివాక మాత్రం దీన్ని తుడిచేయండి. మా ముగ్గురు ఆడబిడ్డలకూ ఫోన్లున్నాయి.