కబ్ద్ ఇసుకలో గీతలు గీసిన చిన్నాయన

మా చిన్నాయన పోయాడు. మొన్న బుధవారం పొద్దున, అరుగు మీద కూర్చుని టీ తాగుతూనే పోయాడట. ఫోను చేసిన పక్కింటి మనిషి "మీ చిన్నాయన ఇంగ లేడన్నా" అని ఊరుకున్నాడు. "ఎప్పుడు ఎత్తుతారు?" అని మాత్రం అడిగాను. ఆయనకు చెప్పాల్సిన మాటొకటి ఏళ్ల తరబడి నాలోనే ఉండిపోయింది. ఇక ఆ మాట చెప్పే పని లేదని తెలిసినప్పుడు నాకు ముందు కలిగింది దుఃఖం కాదు, హాయి. ఛీ, నేనూ ఒక మనిషినేనా అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

చిన్నాయన మా నాయనకు తమ్ముడు, నాకంటే ఎనిమిదేళ్లే పెద్ద. రాయచోటి దగ్గర పల్లె మాది. చెనిక్కాయలు పెరికేశాక ఖాళీ చేలల్లో సాయంత్రాలు గీతలాట ఆడేవాళ్లం. నేల మీద అడ్డగీతలు గీసి, ఒక్కో గీత మీద ఒకడు కాపలా ఉంటాడు. వాడి చెయ్యి ఒంటికి తగలకుండా అన్ని గీతలూ దాటిపోవాలి. తగిలితే అవుటే. ఆ గీతలన్నీ చిన్నాయనే గీసేవాడు, చేటలో బూడిద పోసుకుని, వెనక్కి నడుస్తూ. దారం కట్టినట్టు వచ్చేవి. వంకర గీత చూస్తే ఆయనకు అన్నం దిగేది కాదు.

మా ఆటలో ఒక పద్ధతి ఉండేది. తగిలిందా లేదా అని కాపలావాడు చెప్పడు. తగిలినవాడే చెయ్యెత్తి నిలబడాలి. నేను చిన్నప్పుడు ఒకసారి తగిలినా తగల్లేదని బొంకాను. చిన్నాయన నా చెవి మెలేసి, "తగిలింది తగిలినోనికే తెలుస్తాదిరా. వాడే చెప్పాల. లేకుంటే ఇంగ ఆటెందుకు?" అన్నాడు. ఆ చెవి నొప్పి వారం ఉంది.

డెబ్బయ్యో దశకం చివర్లో ఇద్దరం కువైట్ వెళ్లాం. నాకు అర్దియాలో ఒక అమెరికా కంపెనీ షెడ్డులో హెల్పరు పని దొరికింది. అక్కడ ఉండడానికిచ్చే కాగితాన్ని ఇఖామా అంటారు. నా ఇఖామా కంపెనీది కాబట్టి రెండేళ్లకొకసారి సెలవు ఉండేది. చిన్నాయనకు వీసా ఇచ్చింది ఒక కఫీల్, అంటే మనిషికి పూచీ ఉండి పనికి పెట్టుకునే అక్కడి ఆసామి. ఎడారిలో కబ్ద్ అనే చోట ఆయన తోటలో గొర్రెలకు నీళ్లు పెట్టడం, మేత వెయ్యడం పని. పాస్‌పోర్టు కఫీల్ పెట్టెలో ఉండేది. ఇంకో మనిషి దొరికేదాకా కదలడానికి లేదనేవాడు. ఆ ఇంకో మనిషి మూడేళ్లయినా దొరకలేదు.

చిన్నాయన బయల్దేరినప్పుడు చిన్నమ్మకు అయిదో నెల. ఆడపిల్ల పుట్టింది. వాళ్ల నాయన వచ్చి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాకే పేరు పెట్టాలని చిన్నమ్మ పట్టు పట్టింది. అందుకని ఆ బిడ్డ ఇంట్లోవాళ్లందరికీ ఉత్త పాపే. ఉత్తరాల్లోనూ పాపే. చిన్నాయన గొర్రెలకు మేత వేస్తూ రోజుకొక పేరు అనుకునేవాడు. శుక్రవారం నేను పోతే ఆ వారం పేర్లన్నీ వరసగా చెప్పి "యాది బాగుండాది?" అని అడిగేవాడు. అన్నీ బాగున్నాయంటే ఒప్పుకునేవాడు కాదు. "నువ్వు సరిగ్గా యినల్యా" అని మళ్లీ మొదట్నించీ చెప్పేవాడు.

ఆ తోట పక్కనున్న చదును నేలను మా కంపెనీ మేనేజరు ఆటకోసం తీసుకున్నాడు. వాళ్ల ఫుట్‌బాల్ కాలితో తన్నేది కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చంకలో ఇరికించుకుని గీతలు దాటి పరిగెత్తడం, ఎదుటివాళ్లు వాణ్ని పడెయ్యడం. తలకు ఇనుప జాలీ టోపీలు, భుజాల మీద గట్టి అట్టలు. నాలుగు కంపెనీలు కలిసి నాలుగు జట్లు పెట్టుకున్నాయి, చలికాలం శుక్రవారాల్లో ఆట. మా జట్టు పేరు ఇంగ్లీషులో ఇసుక సుడిగాలి అని అర్థం వచ్చేది. మేం సుడిగాలోళ్లం అని చెప్పుకునేవాళ్లం. మొదటి ఏడు ఆడిన ప్రతి ఆటా ఓడిపోయారు పాపం.

నేలకు నీళ్లు చల్లి సున్నప్పొడితో గీతలు గీసే పని చిన్నాయనకు పడింది. తాడు లేకుండా వెనక్కి నడుస్తూ ఆయన గీసిన గీతలు చూసి మేనేజరు ఈల వేశాడట. రెండో ఏడాదికి సగంమంది ఇంజినీర్లు దేశాలు వెళ్లిపోయారు. మనుషులు చాలక మేనేజరు మా షెడ్డులోంచి నన్నూ, తోటలోంచి చిన్నాయననూ పట్టుకొచ్చాడు. చిన్నాయన ఒక పొగరుబోతు పొట్టేలును రెండు కొమ్ములూ పట్టి కూర్చోబెట్టడం మేనేజరు చూశాడు. "అట్లా మనుషుల్ని ఆపాల, అంతే" అని మేనేజరు మాటను నేను తర్జుమా చేశాను. చిన్నాయన ఆ అట్టలు తొడుక్కుని, "ఒరేయ్, నన్ను ఎద్దును చేసి గంతలు గట్టినార్రా" అని పగలబడి నవ్వాడు. కువైట్లో ఆయన అంత నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే.

ఎవరూ అనుకోలేదు గానీ ఆ ఏడు గెలవడం మొదలుపెట్టాం. చిన్నాయన అడ్డం నిలబడితే ఎదుటివాడు కదలలేడు. ఆ సందులోంచి మావాళ్లు పరిగెత్తేవాళ్లు. సరిగ్గా అప్పుడే ఊరినుంచి ఉత్తరం వచ్చింది. పాప పాలు తాగుతుంటే పెదాలు నీలంగా అవుతున్నాయట. గుండెలో ఏదో ఉంది, వేలూరు పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నారట డాక్టర్లు. "మీరు రాండి, ఇద్దరం పోదాం. నాకొకదానికే భయం" అని చిన్నమ్మ రాయించింది.

నేను మేనేజరు కాళ్లమీద పడినంత పని చేశాను. ఆయన చెడ్డవాడు కాదు. ఆఖరాటకు పైదేశం నుంచి పెద్ద దొర వస్తున్నాడనీ, కప్పు గెలిస్తే ఆ సంబరంలో ఆయన చేత సంతకం పెట్టించి చిన్నాయన ఇఖామాను కంపెనీకి మారుస్తాననీ అన్నాడు. కఫీల్‌తో కూడా తనే మాట్లాడాననీ, అతను ఒప్పుకున్నాడనీ చెప్పాడు. మారిన నెలలోనే సెలవు, టికెట్టు. నేను పరిగెత్తుకుంటూ పోయి చెప్తే చిన్నాయన గొర్రెల తొట్టి గట్టు మీద కూలబడి, "అయితే పేరొకటి తేల్చుకోవాల" అన్నాడు.

ఆఖరాట. ఆయన గీసిన గీతల మీదే. చివర్లో ఇంకొక్కసారి బంతి అవతలి గీత దాటితే మాదే కప్పు. బంతి పట్టి పరిగెత్తే మావాడి మోకాలు తిరిగింది. నేను వేగంగా ఉరుకుతానని మేనేజరు బంతి నా చంకలో కుక్కాడు. ఎన్నిసార్లు చెప్పారో, చెయ్యి తగిలితే ఏం కాదు, నిన్ను కింద పడేసేదాకా పరిగెత్తు అని. తెలుసు నాకు. అప్పటిదాకా నేను బంతి ముట్టుకోలేదు, ఎదుటివాళ్లను తొయ్యడమే నా పని.

చిన్నాయన ఇద్దర్ని మీద వేసుకుని పడి సందు చేశాడు. ఆ సందులోంచి ఉరికాను. ఎదురుగా ఎవరూ లేరు. ఒక గీత, రెండు గీతలు, మూడు. ఆఖరి గీత పది అడుగుల్లో ఉంది. వీపు మీద చెయ్యి తగిలింది.

నేను ఆగిపోయాను. చెయ్యెత్తాను. బంతిని గీత పక్కన మర్యాదగా కింద పెట్టాను.

వెనకవాడికి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత బంతి ఎత్తుకుని అవతలి కొసకు పరిగెత్తాడు. మావాళ్లు నోళ్లు తెరిచి చూస్తూ ఉండిపోయారు. మేనేజరు టోపీ తీసి నేలకేసి కొట్టాడు. పెద్ద దొర కారెక్కి వెళ్లిపోయాడు.

చిన్నాయన మోచేతులకు అంటిన సున్నం దులుపుకుంటూ వచ్చాడు. కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. నా ముఖంలోకి చూసి, "నిజంగా తగిలిందా?" అని అడిగాడు.

"తగిలింది చిన్నాయనా."

"అయితే సరే. నేను నేర్పిందే గదా" అని తోటవైపు వెళ్లిపోయాడు. గొర్రెలకు నీళ్ల వేళయింది.

నెల తిరక్కముందే మేనేజరును వెనక్కి పిలిపించుకున్నారు. జట్టు ఖలాస్. మా గోధుమరంగు చొక్కాలు షెడ్డులో ఇంజను నూనె తుడిచే గుడ్డలయ్యాయి. నేనూ తుడిచాను వాటితో. కఫీల్ మళ్లీ ఇంకో మనిషి రావాలన్నాడు. చిన్నాయన వెళ్లి బతిమాలుకున్నాడు, నేనూ పోయి బతిమాలాను. వేలూరు ప్రయాణం రెండుసార్లు వాయిదా పడింది, ఆయన వస్తాడని. ఎండలు ముదిరాక ఉత్తరం వచ్చింది. చదివింది నేనే. పాప పోయిందని చదివాను. ఆయన ఏడవలేదు. "ఏం పేరు జెప్పి పూడ్చినారో అడుగు" అన్నాడు. నేను అడుగుతూ రాయలేదు. ఏ పేరూ లేదని నాకు తెలుసు.

ఇంకో ఏడాదికి ఇంటికొచ్చాడు. మళ్లీ వెళ్లలేదు, మళ్లీ పిల్లలూ కలగలేదు. టమోటా తోట పెట్టి సాళ్లు దున్నేవాడు. ఆ సాళ్లు వంకరగా పోయేవి. పోతే పోనీలే అనేవాడు. వీధిలో పిల్లలు అవుటా కాదా అని కొట్లాడుకుంటుంటే లేచి లోపలికి వెళ్లిపోయేవాడు. నాతో మాత్రం ఏ తేడా లేకుండా ఉన్నాడు. నా పెళ్లికి ముందుండి పందిరి వేయించాడు. ఆ మంచితనం కింద నేను నలిగిపోయాను, అది నిజం.

ఇప్పుడు నా మాట. ఆ రోజు తగిలిందని చెప్పాను. ఏళ్లు గడిచేకొద్దీ నాకు నమ్మకం పోయింది. చెమటకు చొక్కా వీపుకు అతుక్కుని ఉంది, గాలి విసురుగా ఉంది. చెయ్యే తగిలిందా, తడి గుడ్డే కొట్టుకుందా? తెలీదు. ఆ తెలీదన్న మాట ఆయనకు చెప్పాలని ఎన్నో ఊరి ప్రయాణాలు చేశాను. ప్రతిసారీ టీ తాగి వచ్చాను.

అంత్యక్రియలయ్యాక చిన్నమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి విస్తరి వేసింది. "పొద్దున్నించి ఏమీ తిన్లేదు నువ్వు, కూచో నాయనా" అంది. వడ్డిస్తూ చెప్పుకొచ్చింది. "ఆ కఫీల్ పాడుగాను, కాగితం ఇచ్చింటే పాప దక్కేది. ఆయప్ప చచ్చేదాకా అదే చెప్పినాడు, వాడే ఇయ్యలేదని."

ఆట సంగతి చిన్నాయన ఆమెకు చెప్పనే లేదు. నలభై ఏళ్లు ఒకే ఇంట్లో ఉండి కూడా చెప్పలేదు. తగిలినవాడే చెప్పాలని నా చెవి మెలేసిన మనిషి నాకోసం పెళ్లాంతో దాచాడు.

"నువ్వు తోడుండావు గాబట్టి ఆడ ఆ మనిషి బతికినాడు" అంటూ చిన్నమ్మ ఇంకో గరిటె అన్నం తీసింది. చాలని చెయ్యి అడ్డం పెట్టడానికి కూడా నాకు చెయ్యి లేవలేదు. ఆమె వడ్డిస్తూనే ఉంది, నేను తల వంచుకుని తింటూనే ఉన్నాను.