ప్రత్తిగంపలో పొదుగు

ఈమధ్య పొద్దున్నే నల్లపాడు రోడ్డు వైపు నడకకు వెళ్ళినప్పుడు, కోడిపిల్లలమ్మే అతనొకడు అట్టపెట్టెలో బల్బు వేలాడదీసి, దాని కింద పిల్లల్ని పోసుకుని కూర్చుని కనిపించాడు. మంచు ఇంకా విడలేదు, ఎదురుగా వచ్చే ఆటో కూడా దగ్గరికొస్తేగాని తెలియడం లేదు. ఆ మంచులో ఆ కాస్త వెలుగూ, దాని కింద ఒకదాన్నొకటి నెట్టుకుంటూ వెచ్చదనం వెతుక్కుంటున్న ఆ పిల్లలూ నన్ను అక్కడే నిలబెట్టేశాయి. నడక మానేసి ఇంటికొచ్చి కూర్చున్నాను గానీ, మనసు మాత్రం నేను కొత్తకోడలిగా అడుగుపెట్టిన ఊరికీ, ఆ ఇంటి పెరట్లోకీ వెళ్ళిపోయింది. మన వయసువాళ్ళకు ఇదొక జబ్బు కదా, మీకు చెప్పేదేముంది.

మా పుట్టిల్లు ఒంగోలు. నాన్నగారు ఆఫీసులో గుమాస్తా, మాది అద్దె ఇల్లు, కోడిని నేను దగ్గరగా చూసింది కూరలోనే. అలాంటిదాన్ని ప్రత్తిపాడు పక్కన ఒక పల్లెలో, మిరపా ప్రత్తీ పండించే ఇంటికి కోడలిగా వచ్చాను. అక్కడ మా అత్తగారికి కోళ్ళంటే ప్రాణం. మార్గశిరం వచ్చిందంటే చాలు, గూటి చుట్టూ గోనెపట్టాలు కట్టేది, లోపల పాత గడ్డి తీసేసి ఎండుగడ్డి పరిచేది, పొద్దున్నే జొన్నలు పెనం మీద కాస్త వెచ్చజేసి చల్లేది, తాగడానికి కూడా చలి విరిచిన నీళ్ళే పెట్టేది. మంచు పడుతుంటే ఆ కోళ్ళు ఈకలు ఉబ్బించుకుని, ఒంటికాలి మీద, గుండ్రంగా బంతుల్లా నిలబడి ఉండేవి. అంత చిన్న ప్రాణి తన దుప్పటి తానే ఒంటి మీద మోసుకు తిరుగుతుందన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది.

మామగారి సంగతి వేరు. ఆయన గొంతు వీధి చివరికి వినబడేది. పొలంలో పాలేళ్ళూ, ఇంట్లో మావారూ ఆయనకు ఎదురు నిలిచేవాళ్ళు కాదు. కోడళ్ళతో మామగారు మాట్లాడటం ఆ ఇంట అలవాటు లేదు. మంచినీళ్ళు కావాలంటే గుమ్మం వైపు తిరిగి దగ్గేవారు, నేను చెంబు అక్కడ పెట్టి లోపలికి వెళ్ళిపోయేదాన్ని. కాపురానికొచ్చి ఏడాది కావస్తున్నా ఆయన ముఖం తిన్నగా చూసిన గుర్తు లేదు నాకు.

ఆ యేడు వేసవిలో కొక్కెర రోగం తగిలి కోళ్ళు రాలిపోయాయి. అత్తగారు పుట్టింటి నుంచి తెచ్చుకున్న జాతిలో ఒక నల్లపెట్టా, ఒక పుంజూ మాత్రం మిగిలాయి. చలికాలం మొదట్లో ఆ పెట్ట పొదుగుకొస్తే, అది పెట్టిన గుడ్లనే దాని కింద వేసి, పశువుల కొట్టంలో ఒక మూల గంప సర్దింది అత్తగారు. ఇంతలో గుంటూరులో మా ఆడబిడ్డకు కాన్పు కష్టంగా ఉందనీ, ఆసుపత్రిలో చేర్చారనీ కబురొచ్చింది. మావారిని తోడు తీసుకుని అత్తగారు బయలుదేరింది. అంత కంగారులోనూ గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగి, "అమ్మాయ్, నల్లపెట్టను కదిలించమాక. నాలుగైదు రోజుల్లో పిల్లలవుతాయి. ఆ గుడ్లు దక్కితేనే మళ్ళీ మన గూడు నిండేది" అంది.

మర్నాడే తుఫాను ముసురు పట్టింది. చలికాలపు వాన ఎలా ఉంటుందో మీకు తెలుసు, సన్నగా పడుతూనే ఉంటుంది, గాలి ఎముకల్లోకి దిగుతుంది. నాని నాని కొట్టం మట్టిగోడ ఒక మూల జారిపోయింది. తెల్లవారి నేను వెళ్ళేసరికి ఆ సందులో జంగుపిల్లి అడుగులూ, నేలనిండా నల్లటి ఈకలూ ఉన్నాయి. గంపలో గుడ్లు మాత్రం ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకుంటే గులకరాయిలా చల్లగా తగిలింది. అత్తగారి మాట గుర్తొచ్చి, ఆ గంప పక్కనే కూలబడి ఏడ్చేశాను.

గుమ్మం దగ్గర నీడ కదిలింది. మామగారు. నేను కొంగు సర్దుకుని లేవబోయాను. ఆయన ఈకల వంకా, నా వంకా చూసి, "ఏడవమాక. గుడ్లు లోపలికి తీసుకురా, అమ్మాయ్. బేసిన్‌లో నీళ్ళు పెట్టు, చంటిపిల్లకు పోసేంత వేడి చాలు" అన్నారు. ఆయన నాతో నేరుగా అన్న మొదటి మాటలవి.

వంటింట్లో పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చున్నారు. ఒక్కొక్క గుడ్డే నీళ్ళల్లోకి వదిలారు. తేలాయి. కదలకుండా అలా తేలుతూ ఉండిపోయాయి. ఇంకేముంది, పోయాయనుకుని నేను ఏదో అనబోతే ఆయన చెయ్యి ఎత్తి ఆపారు. పొయ్యిలో మంట చిటపటా, చూరు నీళ్ళ చప్పుడూ తప్ప ఇంకేమీ లేదు. అప్పుడు ఒక గుడ్డు వణికింది. గాలి లేదు, చెయ్యి తగలలేదు. దానంతటదే అటూ ఇటూ ఊగి, చుట్టూ సన్నటి అలలు లేచాయి. ఆ వెంటనే ఇంకొకటి. తర్వాత పక్కది. నా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. అంత చలిలో, తల్లి పోయిన తర్వాత కూడా, ఆ పెంకు లోపల ఎవరో ఉన్నారు, ఉన్నామని చెబుతున్నారు.

"బతికున్నయ్యమ్మా," అన్నారు మామగారు. ఆ గొంతు ఆయనదేనా అనిపించింది నాకు.

కదలని రెండు మూడు గుడ్లు పక్కన పెట్టేసి, మిగిలినవి మెత్తటి గుడ్డతో తుడిచి నా ఒళ్ళో పెట్టారు. ఆ రోజుల్లో తీసిన ప్రత్తి ఇంట్లోనే పోసుకునేవాళ్ళం కదా, మా ముందుగది సగం దాకా ప్రత్తే. తడికాళ్ళతో ఎవరైనా అటు వెళితే అరిచే మనిషి, తానే వెళ్ళి చేతులనిండా మొదటి తీత ప్రత్తి పట్టుకొచ్చి గంప నింపారు. మధ్యలో వేణ్ణీళ్ళ చెంబుకు తువ్వాలు చుట్టి పెట్టి, దాని చుట్టూ గుడ్లు సర్ది, పైన మళ్ళీ ప్రత్తి కప్పారు. నీళ్ళు చల్లారకముందే నేను మార్చేదాన్ని, ఆయన గుడ్లు తిప్పి పెట్టేవారు. ముసురు పట్టినన్నాళ్ళూ పొలం మాటే ఎత్తలేదు. మేమేమీ పెద్దగా మాట్లాడుకోనూ లేదు. గంపకు ఇటు నేనూ అటు ఆయనా, అంతే.

వాన వెలిసిన రోజు మధ్యాహ్నం ఆయన ఒక గుడ్డు నా చెవి దగ్గర పెట్టి, "విను" అన్నారు. లోపల్నుంచి కిచకిచమని పిలుపు! పుట్టకముందే మాట. సాయంత్రానికి పెంకు మీద నక్షత్రంలా చిన్న పగులు వచ్చింది, అందులోంచి ముక్కు కొన కనబడింది. నేను పెంకు ఊడదీసి సాయం చేయబోతే, "దాని పని దాన్ని చేసుకోనీ" అన్నారు. తడిసి ముద్దయి, ఈకా బొచ్చూ తెలియకుండా బయటపడిన ఆ ముద్ద, కాసేపటికల్లా ప్రత్తిలో ప్రత్తిలా పొంగి కళ్ళు తెరిచింది. ఆ తర్వాత నేనూ బిడ్డల్ని కన్నాను, మనవల్ని చేతుల్లోకి తీసుకున్నాను. ప్రతిసారీ ఒళ్ళు అలాగే జలదరించింది.

అసలు వింత ఆ తర్వాత జరిగింది. ఆ పిల్లలు మామగారినే తల్లి అనుకున్నాయి. ఆయన పెరట్లో నడిస్తే వెనకే వరసగా నడిచేవి, ఆగితే ఆగేవి. ఎప్పుడూ దబదబా నడిచే మనిషి కాళ్ళకింద చూసుకుంటూ మెల్లగా అడుగులేయడం నేర్చుకున్నారు. పొద్దుటెండలో అరుగు మీద కూర్చుంటే అన్నీ ఆయన శాలువాలోకి దూరేవి. ఆడపిల్ల పుట్టిందనీ, తల్లీబిడ్డా క్షేమమనీ చెప్పడానికి అత్తగారు వచ్చినరోజు ఆయన అలాగే ఉన్నారు. శాలువా అంచున ముక్కులు బయటపెట్టి పిల్లలు తొంగిచూస్తున్నాయి. ఈకల కథ నేను చెప్పేలోపే ఆవిడకు అంతా అర్థమైంది. చేతిసంచి కింద పెట్టి, కళ్ళల్లో నీళ్ళతోనే నవ్వుతూ, "ఏమండీ, ఎప్పట్నుంచి పొదుగుకొచ్చారు?" అంది.

"ముందు మనవరాలి సంగతి చెప్పవే," అన్నారాయన, కదిలితే పిల్లలు పడిపోతాయని కదలకుండానే.

ఆ పిల్లలు చాలావరకు దక్కాయి. మరుసటి చలికాలానికి గూడు నిండింది. మామగారు ఆ తర్వాత గుమ్మం వైపు తిరిగి దగ్గలేదు, "అమ్మాయ్" అని పిలిచేవారు, పోయేదాకా.

ఇప్పుడా ఊళ్ళో ప్రత్తి చేలోంచే బండెక్కి వెళ్ళిపోతుంది, ఇళ్ళల్లోకి రాదు. పెరళ్ళకు సిమెంటు వేసేశారు, కోళ్ళు ఎక్కడా కనబడవు. నా కోడలు మావారితో కలిసి భోజనానికి కూర్చుంటుంది, రాజకీయాలు వాదిస్తుంది, ఆయన్ను ఆటపట్టిస్తుంది. చూస్తే నాకు సంతోషమే, మనం పడ్డ బిడియాలు వాళ్ళకెందుకు? కానీ ఒక్కటి మాత్రం అనిపిస్తుంది. ఇంతమందిమి ఇన్ని మాటలాడుకుంటున్నాం గానీ, అందరం కలిసి నోరు మూసుకుని, ఊపిరి బిగబట్టి, ఏదో ఒకదానికోసం ఎదురుచూసి ఎన్నాళ్ళయిందో.